గ్రేవీ సంచీలో మంగోలియా

డెల్బర్ట్ హూపర్‌కి ఒక జబ్బుంది. రేపేం జరుగుతుందో ఇవాళే తెలియకపోతే తిన్నది ఒంటబట్టదు. టకోమా పార్కు అనే ఊళ్ళో వాళ్ళ వీధి చివర ఎవరైనా గొయ్యి తవ్వుతుంటే చాలు, అది ఎందుకు తవ్వుతున్నారో కనుక్కుని వచ్చేదాకా ఇంట్లో ఆయన కాఫీ చల్లారిపోతూ ఉండేది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సిటీ బస్సులకి టైంటేబుళ్ళు వేశాడు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో ముందే చెప్పడం ఆయన పని. ఆ బస్సుల్లో ఒక్కటీ ఆయన మాట వినలేదు, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఒక పడవ కొనుక్కుని, చీసపీక్ అఖాతంలో పీతలు పట్టుకుంటూ బతకాలని ఆయన కోరిక. అందుకు కొంత డబ్బు విడిగా దాచుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పడవకి అప్పుడే పేరు కూడా పెట్టేశాడు. 'ముందుచూపు'.

భార్య నోరీన్ కుక్కల హాస్టలు నడుపుతుంది. ఊరెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని ఆమె దగ్గర దించి వెళతారు. వాషింగ్టన్ పక్కనే కాబట్టి, వాళ్ళలో పెద్దమనుషులే ఎక్కువ. పెరట్లో ఏ కుక్క మొరుగుతోందో వింటే దేశం ఎటు పోతోందో చెప్పొచ్చని డెల్బర్ట్ అంటుండేవాడు.

"దేశం ఎటు పోతే నాకెందుకు? కంచె కింది నుంచి కుక్క ఎటు పోతుందో చూసుకుంటే చాలు నాకు" అనేది నోరీన్.

ఇలా ఉండగా, చర్చి పాటల బృందంలో డెల్బర్ట్ పక్కన నిలబడే క్లైడ్ విగ్గిన్స్ ఒకరోజు సాధన మధ్యలో ఫోన్ తీసి చూపించాడు.

"ఇదేంటి?"

"పందేల బజారు. ఒక ప్రశ్న ఉంటుంది. అవుననుకుంటే 'అవును' చీటీ కొను, కాదనుకుంటే 'కాదు' చీటీ కొను. నీ మాట నిజమైతే చీటీకో డాలరు. అబద్ధమైతే చిత్తుకాగితం."

"దేని మీద ప్రశ్న?"

"దేని మీదైనా. ఇదిగో చూడు. సెనేట్ విదేశాంగ కమిటీ ఛైర్మన్ కింబ్రో ఈ సెలవుల్లో ఏ దేశం వెళతాడు? నార్వేనా, కెన్యానా, పోర్చుగలా, మంగోలియానా?"

"అది తెలుసుకుని జనం ఏం చేస్తారు?"

"జనం సంగతి నాకు తెలీదు. నేను మాత్రం నార్వే మీద కాసిని చీటీలు కొన్నాను. ఆయనకి చేపలంటే ఇష్టమట."

డెల్బర్ట్ గుండె స్తోత్రం తాళం తప్పి కొట్టుకుంది. కారణం చిన్నదే. సెనేటర్ థాడియస్ కింబ్రో విదేశం వెళ్ళిన ప్రతిసారీ ఆయన కుక్క గ్రేవీ నోరీన్ హాస్టల్లోనే దిగుతుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర డెల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ మధ్య గ్రేవీ కనపడ్డంలేదేం?"

నోరీన్ ఫోర్కు కింద పెట్టింది. "పోయినసారి నీ బూటు తిన్నాడని మొత్తం వారం వాడి మొహం చూడలేదు నువ్వు."

"పాపం, మూగజీవి. ఎందుకో గుర్తొచ్చాడు."

"వాడు మూగజీవి అయితే పక్కింటివాళ్ళు పోలీసుల్ని ఎందుకు పిలిచారు? సరే, ఇంతకీ నీకేం కావాలి?"

"ఏం లేదు. వాడి యజమాని ఏదైనా దేశం వెళ్తున్నాడేమోనని."

"చూడు డెల్బర్ట్. ఈ ఇంటికొచ్చే కుక్క గురించి గానీ, కుక్కగలవాళ్ళ గురించి గానీ ఒక్క మాట గడప దాటకూడదు. పెళ్ళినాటి ప్రమాణాలు నువ్వెలాగూ మర్చిపోయావు, ఫరవాలేదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో."

డెల్బర్ట్ గుర్తుపెట్టుకుంటానన్నాడు. గుర్తుపెట్టుకున్నాడు కూడా. పాటించడం గురించి మాట రాలేదు.

మరుసటి వారమే ఇంటిముందు నల్లకారు ఆగింది. సెనేటర్ కార్యదర్శి, ఒకావిడ, గ్రేవీని దించింది. గ్రేవీ బాసెట్ జాతి. ఒళ్ళు పొడుగు, కాళ్ళు పొట్టి, చెవులు నేల ఊడుస్తుంటాయి. మొహం చూస్తే నిన్ననే ఎన్నికల్లో ఓడిపోయి వచ్చినట్టుంటుంది. కార్యదర్శి నోరీన్ చెవిలో ఏదో గుసగుసలాడి, ఒక సంచీ చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఆ గుసగుస వినడానికి డెల్బర్ట్ కిటికీ అద్దాలు తుడిచాడు. పెళ్ళయ్యాక ఆయన కిటికీ తుడవడం అదే మొదలు. అద్దం తళతళలాడింది గానీ, ఒక్క ముక్క వినపడలేదు.

బెంగపెట్టుకోకుండా ప్రతి కుక్కతోనూ యజమాని ఒంటివాసన ఉన్నదేదైనా పంపాలని నోరీన్ నియమం. మామూలుగా పాత చొక్కానో, మేజోడో వస్తుంది. నోరీన్ పెరట్లో ఒక పూడిల్‌కి స్నానం చేయిస్తున్నప్పుడు డెల్బర్ట్ మెల్లగా గ్రేవీ సంచీ విప్పాడు.

లోపల బొచ్చుది ఒకటి ఉంది. గుండ్రంగా, గోధుమరంగులో, గ్రేవీ చొంగకి అట్టలు కట్టి ఉంది. లోపలివైపు జాలీగుడ్డ. తిప్పి చూశాడు. వాసన చూశాడు, చూసినందుకు విచారించాడు. తలమీద పెట్టుకుని హాల్లో అద్దం ముందు నిలబడ్డాడు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

బొచ్చుటోపీ!

డెల్బర్ట్ బుర్ర టైంటేబులు వేయడం మొదలుపెట్టింది. కెన్యాలో ఇది పెట్టుకుంటే తల ఉడికిపోతుంది. పోర్చుగల్‌కి గడ్డిటోపీ చాలు. నార్వేవాళ్ళు ఉన్నిటోపీ అల్లుకుంటారు. గుర్రాలెక్కి మంచులో తిరిగేవాళ్ళు తప్ప ఇంత బొచ్చు ఎవరికి కావాలి? కొత్తది కొనుక్కుని పాతది కుక్కకిచ్చి ఉంటాడు. లోపల జాలీ ఎందుకు? గాలాడటానికి. అంతా కుదిరింది.

ఫోన్ తీసి చూశాడు. జాబితాలో మంగోలియా అట్టడుగున ఉంది. చీటీ ఖరీదు చూయింగ్ గమ్ పాటి కూడా లేదు. ఈ రహస్యం భూమ్మీద ఇద్దరికే తెలుసు. తనకి, గ్రేవీకి. గ్రేవీ చెప్పడు.

పడవ డబ్బులో సగం మంగోలియా పాలు చేశాడు.

అక్కడితో నోరు మూసుకుంటే ఆయన డెల్బర్ట్ ఎందుకవుతాడు? నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రం పాటల సాధనకి ఆ టోపీ పెట్టుకునే వెళ్ళాడు. ఎవరిది, ఎక్కడిది అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కాసేపటికి క్లైడ్‌ని పక్కకి లాగి, "ఎవరిదో చెప్పను. మంగోలియా కొనుక్కో" అన్నాడు.

క్లైడ్ దుప్పుల వేటగాడు. బొచ్చు చూస్తే జంతువు పేరు చెబుతానంటాడు. టోపీని రెండు వేళ్ళతో నలిపి చూశాడు.

"తోడేలు. ఆడ తోడేలు."

"ఆడదని ఎలా తెలిసింది?"

"పోషణ చూడు. ఎంత శ్రద్ధగా దువ్వుకుందో!"

క్లైడ్ తన పక్కవాడికి చెప్పాడు, పక్కవాడు వెనకవరసకి చెప్పాడు. మూడో స్తోత్రం మధ్యలో బృందమంతా ఒకేసారి తలలు వంచారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పాస్టరుకి భక్తితో కళ్ళు చెమర్చాయి. అందరూ పాటల పుస్తకాల చాటున ఫోన్లలో మంగోలియా కొంటున్నారు.

ఒక చర్చి బృందం మొత్తం కొంటే ఖరీదు కదలక ఏమవుతుంది? చూయింగ్ గమ్ కాస్తా చాక్లెట్టయింది, చాక్లెట్టు కాస్తా డాలరుకి దగ్గరపడింది. ఎక్కడెక్కడివాళ్ళో అది చూసి, 'ఎవరికో ఏదో తెలిసినట్టుంది' అని వాళ్ళూ కొన్నారు. అది చూసి టీవీవాళ్ళు మేల్కొన్నారు. రెండురోజులు తిరిగేసరికి తెరమీద మంగోలియా పటం, దానిముందు ముగ్గురు నిపుణులు. సెనేటర్ అక్కడి గనుల కోసం వెళుతున్నాడని ఒకాయన, రష్యాకి కోపం తెప్పించడానికని ఇంకొకాయన, చైనాకి సంకేతమని మూడో ఆయన.

నెత్తిన టోపీతో సోఫాలో కూర్చుని చూస్తున్న డెల్బర్ట్ ఒళ్ళు పులకరించింది. తనకొచ్చిన ఒక్క ఆలోచనకి ఇన్ని అర్థాలున్నాయా! గనుల సంగతి ఆయనకి ఆ క్షణందాకా తెలియదు. ఇంకాసేపు చూస్తే సెనేటర్ ఎందుకు వెళుతున్నాడో తనకే తెలిసిపోయేలా ఉంది.

వెనకనుంచి నోరీన్ గొంతు వినిపించింది.

"డెల్బర్ట్, సెనేటర్ గారి జుట్టు నీ నెత్తిమీద ఎందుకుంది?"

"జుట్టేంటి? ఇది టోపీ."

"టోపీ కాదు నీ మొహం. అది ఆయన విగ్గు. ఇన్నేళ్ళూ టీవీలో నువ్వు చూసిన క్రాఫు అదే. తియ్యి ముందు."

డెల్బర్ట్ తీశాడు. రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. అవును, పాపిడి కూడా ఉంది. అంత వేటగాడైన క్లైడ్, ఇంటిపేరులోనే విగ్గు పెట్టుకుని కూడా పోల్చుకోలేకపోయాడు.

"మరి... మంగోలియా?"

"మంగోలియా ఏంటి? ఆయన వెళ్ళింది మంగలి దగ్గరికి. కాస్త ఖరీదైన మంగలి. వెనకవైపున్న వెంట్రుకలు పీకి ముందువైపు నాటుతారట, వరినాట్లు వేసినట్టు. అది మాని జుట్టు నిలదొక్కుకునేదాకా ఆయన ఎవరి కంటా పడడు. ఇక విగ్గుతో పనిలేదని దాన్ని గ్రేవీకి పంపారు." నోరీన్ విగ్గు తీసుకుని దులిపింది. "నమ్మి జుట్టు మన చేతికిచ్చారు డెల్బర్ట్. నిజంగానే ఇచ్చారు. ఇది పొక్కిందంటే రేపట్నుంచి మన గుమ్మంలో ఒక్క కుక్క నిలబడదు. ఇంతకీ మంగోలియా అని ఎందుకన్నావు?"

"ఊరికే. టీవీలో ఏదో..."

నోరీన్ టీవీ వైపు చూసింది. పటం ముందు నిపుణులు ఇంకా కొట్టుకుంటున్నారు. మొగుడి వైపు చూసింది. విగ్గు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

డెల్బర్ట్ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

ఫోన్ తీసి చీటీ ఖరీదు చూశాడు. తర్వాత మెదడు పనిచేసింది. మంగోలియా ఖరీదు ఆకాశంలో ఉంది. ఇప్పుడే తన 'అవును' చీటీలన్నీ అమ్మేస్తే లాభం. ఆ లాభమూ, మిగిలిన పడవ డబ్బూ కలిపి 'కాదు' చీటీలు కొంటే, సెనేటర్ ఎలాగూ ఇంట్లోంచి కదలడు కాబట్టి, మళ్ళీ లాభం. ఒక్క విగ్గుకి రెండు లాభాలు!

అమ్మాలంటే కొనేవాళ్ళు కావాలి. కొంటున్నది ఎవరు? క్లైడూ, మిగతా బృందమే. వాళ్ళకి చెబుదామా అని ఆయన మనస్సాక్షి అడిగింది. చెబితే కుక్కగలవాళ్ళ రహస్యం గడప దాటుతుంది. భార్యకిచ్చిన మాట తప్పగలడా? ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయనకి అంత తీపిగా ఎప్పుడూ తోచలేదు.

అన్నీ అమ్మాడు. అంతా పెట్టి 'కాదు' కొన్నాడు. ఈలవేసుకుంటూ బయటికొచ్చాడు.

రెండురోజుల తర్వాత, మధ్యాహ్నం వేళ, పెరటి తలుపు చప్పుడైంది. ముసుగుచొక్కా, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఒకడు లోపలికొచ్చాడు. గ్రేవీ మొదట దొంగనుకుని మొరిగాడు. తర్వాత వాసన పట్టి కాళ్ళమీద పడి ఏడ్చాడు. మనిషి కూడా దాదాపు ఏడ్చాడు. ఆయనే సెనేటర్ కింబ్రో. ముసుగు జారినప్పుడు కనపడింది, నెత్తంతా ఎర్రచుక్కలు, స్ట్రాబెర్రీ పండులా.

"వీణ్ణి చూడకుండా ఉండలేకపోయానమ్మా" అన్నాడు సెనేటర్, వంటింట్లో కుర్చీలో కూలబడి. నోరీన్ కాఫీ, యాపిల్ పై ముక్క ముందు పెట్టింది. వంటింటి పక్క సామాన్ల గదిలో కుక్క బిస్కెట్ల బస్తా సర్దుతున్న డెల్బర్ట్ చెవులు గ్రేవీ చెవులంత అయ్యాయి.

"నేనేం పాపం చేశానో తెలీదు. మంగోలియా వెళుతున్నానని ఎవడు పుట్టించాడో! ఆ పందేల బజారు చూసి విలేకరులు నా ఆఫీసు మెట్లమీద కాపరం పెట్టారు. మంగోలియావాళ్ళేమో నాకోసం గుర్రాన్ని కూడా ఎంచారట."

"వెళ్ళడంలేదని చెప్పేయండి."

"చెబితే వాళ్ళకి అవమానం. పైగా 'మరి ఎక్కడున్నావు, బయటికి రా' అంటారు. ఈ తలతో ఎక్కడికి రాను? టోపీ పెట్టుకుని కెమెరాల ముందు నిలబడితే, లోపల ఏం దాచావని అడుగుతారు."

నోరీన్ కాఫీ ఇంకాస్త పోసింది. "మంగోలియాలో ఇప్పుడు చలిగా ఉంటుందాండీ?"

"ఎముకలు కొరికేస్తుంది."

"అయితే అక్కడ టోపీ తియ్యమని ఎవరూ అడగరేమో."

సెనేటర్ మొహంలో మెల్లగా, తెల్లవారుతున్నట్టు, వెలుగొచ్చింది.

సామాన్ల గది తలుపు ధడాలున తెరుచుకుంది. డెల్బర్ట్ ఊడిపడ్డాడు, ఒళ్ళంతా బిస్కెట్ల పొడితో.

"వద్దండీ! గుర్రాలు తంతాయి!"

"ఈయనెవరు?" అన్నాడు సెనేటర్ ముసుగు లాక్కుంటూ.

"మా ఆయన. బస్సుల టైంటేబుళ్ళు వేసేవాడు."

"పులిసిన గుర్రప్పాలు తాగమంటారండీ! వద్దంటే చిన్నబుచ్చుకుంటారు! తాగితే కడుపు పాడు! పైగా అంతదూరం విమానంలో కొత్త వెంట్రుకలు..."

"నా ఆరోగ్యం గురించి ఇంత తపించిన ఓటరుని నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు సెనేటర్. డెల్బర్ట్ చేయి పట్టుకుని ఊపాడు. "నువ్వేం దిగులు పెట్టుకోకు. దేశం కోసం గుర్రప్పాలైనా తాగుతాను."

ఆ వారాంతానికల్లా అన్ని ఛానళ్ళలోనూ ఒకటే బొమ్మ. పొట్టి గుర్రమ్మీద సెనేటర్ కింబ్రో, కనుబొమల దాకా దిగిన బొచ్చుటోపీతో, నవ్వుతూ. నిపుణులు ముగ్గురూ తామే ముందు చెప్పామన్నారు. పందేల బజారు 'అవును' అని తేల్చి, ఆ ప్రశ్న మూసేసింది. 'ముందుచూపు' నీళ్ళలోకి దిగకముందే మునిగిపోయింది.

డెల్బర్ట్ వంటింట్లోకి వచ్చి నోరీన్ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె యాపిల్స్ చెక్కు తీస్తోంది. జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చెక్కు తెగలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు చివరికి.

"విగ్గు చేతిలో పట్టుకుని 'మరి మంగోలియా' అని కలవరించే మొగుణ్ణి చూశాక, టీవీలో ఆ పటం చూశాక, తెలియడానికేముంది?"

"నేను మళ్ళీ 'కాదు' చీటీలు కొన్నానని కూడా?"

"అంతసేపు స్నానాలగదిలో ఉన్నావు. నీళ్ళ చప్పుడు లేదు. బయటికొస్తూ ఈల వేశావు. నువ్వు ఈల వేశావంటే ఎవరి కొంపో ముంచావని అర్థం."

"తెలిసి తెలిసి ఆయన్ని పొమ్మన్నావా? నా పడవ పోయింది నోరీన్!"

"నేను పొమ్మనలేదు. చలిగా ఉంటుందా అని అడిగానంతే." ఆమె కత్తి కింద పెట్టింది. "సరే, నిజం చెప్పు. గెలిస్తే పడవ కొనేవాడివా?"

డెల్బర్ట్ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. స్నానాలగదిలోనే తర్వాతి ప్రశ్న చూసిపెట్టుకున్నాడు. వాణిజ్య మంత్రి వసంతంలో ఏ దేశం వెళుతుంది? "ఆవిడకి రెండు పిల్లులున్నాయి" అన్నాడు మెల్లగా.

"అదీ సంగతి" అంది నోరీన్. "పిల్లులదాకా వచ్చేశావు. గెలిచుంటే ఈ ఇంట్లో ప్రతి సంచీ నువ్వే విప్పేవాడివి. నన్ను నమ్మి సంచీలిస్తారు డెల్బర్ట్."

ఆయన తల వంచుకున్నాడు. నిజంగా సిగ్గేసింది. కానీ జబ్బు జబ్బే.

"ఒక్కటి చెప్పు. సెనేటర్ నీ మాట వింటాడని నీకు ముందే ఎలా తెలిసింది?"

"తెలీదు. అడిగి చూశాను. తర్వాత ఏమైతే అదవుతుంది. లోకంలో చాలామంది ఇలాగే బతుకుతున్నారు."

ఇది డెల్బర్ట్‌కి కొత్త వార్త. దాన్ని జీర్ణం చేసుకునేలోపే గుమ్మంలో గంట మోగింది. తలుపు తీస్తే బృందగానం మొదలైంది. పాటల బృందమంతా వరండాలో ఉంది. ముందు క్లైడ్, చేతుల్లో ఇంతెత్తు క్యారెట్ కేకు. దానిమీద చక్కెర అక్షరాలతో 'మా ప్రవక్తకి' అని రాసి ఉంది.

"నీవల్ల చర్చి పైకప్పు మరమ్మతుకి డబ్బొచ్చింది డెల్బర్ట్!" క్లైడ్ కౌగిలించుకున్నాడు. "మాలో ఒక్కడూ చీటీ వదల్లేదు. పైగా ఆఖర్లో ఎవడో వెర్రివెంగళప్ప కట్టలు కట్టలు అమ్మేస్తుంటే, మేమే ఎగబడి కొన్నాం. పాపం, వాడెవడోగానీ ఇప్పుడు గోడకి తల కొట్టుకుంటూ ఉంటాడు!"

"ఉంటాడు, ఉంటాడు" అంది నోరీన్, పళ్ళేలు సర్దుతూ.

"నీ వాటా ఎంతొచ్చిందయ్యా?" ఎవరో అడిగారు. డెల్బర్ట్ కేకు ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

"ఆ టోపీ ఎవరిదో ఇప్పుడైనా చెప్పు" అన్నారు ఇంకెవరో. ఆయన ఇంకో ముక్క పెట్టుకున్నాడు. బుగ్గలు రెండూ నిండాయి. ప్రవక్తలు మితభాషులని అందరూ మెచ్చుకున్నారు.

క్లైడ్ ఫోన్ బయటికి తీశాడు. వెనక అందరి ఫోన్లూ బయటికొచ్చాయి. "ఇంతకీ చెప్పు. తర్వాతి ప్రయాణం ఎవరిది? ఎక్కడికి?"

నోరీన్ డెల్బర్ట్ చేతిలో ప్లాస్టిక్ సంచుల కట్ట పెట్టింది. పెరట్లో కుక్కలన్నీ ఒకేసారి మొరుగుడు అందుకున్నాయి.

"మా ఆయనది" అంది. "పెరట్లోకి. కుక్కలన్నీ తిన్నాయి, శుభ్రం చేసే వేళయింది. ఇవాళే కాదు, ఈ చలికాలమంతా."

క్లైడ్ ఆమె వైపు, డెల్బర్ట్ వైపు మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"వెళతాడంటావా?"

"'అవును' మీదే పెట్టుకో" అంది నోరీన్.

డెల్బర్ట్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.